బ్రాడ్‌వేకి గొంతొక్కటే

ముప్ఫై ఏళ్లుగా మంజులత మధురానగర్ నుంచి ఫిల్మ్ నగర్‌కు ఆటోలో వెళ్లి డబ్బింగ్ చెప్పి వస్తోంది. ఎందరో కథానాయికలు ఆమె గొంతుతోనే ఏడ్చారు, అలిగారు. దారిలో మాత్రం ఆమెనెవరూ గుర్తుపట్టరు.

యాభై రెండో ఏట పృథ్వీరాజ్ అనే నాటక దర్శకుడు ఆమెకు ‘స్టేషన్ బెంచీ’ అనే నాటకంలో వేషం ఇచ్చాడు. భర్త తప్పిపోయాడని పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు చేయడానికొచ్చిన ఇల్లాలి వేషం. “చివరిసారి ఆయన్ని ఎప్పుడు చూశారు?” అంటాడు ఎస్సై. ఆమె చాలాసేపు పలకదు. ఆనక, “సరిగ్గా ఎప్పుడూ చూడలేదండీ” అంటుంది. నూట ఇరవై కుర్చీల హాల్లో జనం ఊపిరి బిగబట్టేవారు. పత్రికల్లో ఆమె ఫొటో పడింది. కూరగాయల కొట్లో ఒకావిడ “మీరే కదండీ!” అని చేయి పట్టుకుంది.

అంతలో న్యూయార్క్‌లోని తెలుగువాళ్ల నుంచి పిలుపొచ్చింది. బ్రాడ్‌వేలో పదిహేను వందల సీట్ల థియేటర్.

పృథ్వీరాజ్ జూబ్లీహిల్స్ ఆఫీసుకు పిలిచి, ఎటో చూస్తూ చెప్పాడు. “అక్కా, గంత పెద్ద హాలు నిండాలంటే సినిమా మొహం కావాల్నంట. నీ వేషం హీరోయిన్ హిమజ చేస్తది. ఆమెకు తెలుగుల నోరు తిరగదు. పక్కన తెర చాటుకెల్లి నువ్వు మైకుల చెప్పాలె. నువ్వు గూడ వస్తవు న్యూయార్క్.”

మంజులతకు కాదనడం అలవాటు లేదు. తలూపింది.

ఫిల్మ్ నగర్‌లో ఒక స్టూడియో ఫ్లోరు మీద బ్రాడ్‌వే వేదిక కొలతలకు తెల్లటేపు అంటించి రిహార్సల్ పెట్టారు. ఎస్సై వేషధారి ఆ ప్రశ్న అడిగాడు. తెర వెనుక మంజులత ఆగింది. హిమజ పెదవులు అప్పుడే కదిలిపోయాయి. నాలుగోసారికి మంజులత తొందరపడి, గొంతును పెదవులకు అతికించింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె మైకు పక్కన పెట్టేసింది.

హిమజ దగ్గరకొచ్చింది. “సారీ మేడమ్. ఆ గ్యాప్‌లో మీరేం ఆలోచిస్తారు?” అని కూడబలుక్కుంటూ అడిగింది.

“మా ఆయన మొహం గుర్తు తెచ్చుకోవాలని చూస్తానమ్మా. రాదు.”

ఆ పిల్ల కళ్లు దించుకుంది. మంజులత ఆమె భుజం మీద చేయి వేసి, “వచ్చీరాని తెలుగైనా సరే, నువ్వే చెప్పు. నేను నేర్పుతాను” అంది. పృథ్వీరాజ్‌తో మాత్రం, “నేను రాను బాబూ” అని తేల్చేసింది.

“ఏందక్కా, ఇప్పుడు గిట్లంటే ఎట్ల!” అని అతను మండిపడ్డాడు.

పద్దెనిమిది రోజులు మంజులత హిమజ ఇంటికెళ్లి నేర్పింది. నాటకం న్యూయార్క్ వెళ్లింది. అక్కడి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. హిమజ వీడియో పంపింది. పదాలు అక్కడక్కడా తడబడ్డాయి గానీ, పిల్ల బాగానే చేసింది. ఆ బాగుండటమే మంజులతను రోజంతా కుదురుగా కూర్చోనివ్వలేదు.

వాళ్లు తిరిగొచ్చాక హైదరాబాదులోనూ ఆ నాటకం హిమజతోనే వేస్తారని తెలిసింది. మంజులత పృథ్వీరాజ్‌కు ఫోన్ చేసింది. తనకు ఫలానాది కావాలని ఎవరినైనా అడగడం ఆమెకు అదే మొదటిసారి.

“ఇక్కడైనా నాకొక్క ఆట ఇవ్వు బాబూ.”

“సూద్దామక్కా,” అన్నాడతను.

నెల దాటింది. ఫోన్ రాలేదు. మంజులత ఒక సీరియల్‌లో అత్తగారికి డబ్బింగ్ చెబుతోంది.