ఎంబా పోసిన తీపి టీ

జోగ్జా ఊళ్లో మా పరిశోధనశాలకు పెద్ద బూ నింగ్; బూ అంటే మా భాషలో అమ్మగారు. ఆమె బతుకంతా మనిషి కండలోని మైటోకాండ్రియా మీదే గడిచింది. తిన్న అన్నాన్ని శక్తిగా మార్చే ఆ బుల్లి పొయ్యిలను మంచులో పెట్టి, "చల్లగా ఉండండమ్మా" అని వాటితో మాట్లాడేది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "ఇన్ని కోట్లమందిని సాకుతున్నాను, ఇంకా తీరికెక్కడిది?" అనేది. అవి వాడుకునే ఆక్సిజన్‌ను కొలిచే యంత్రం నడిపే పని నాది. నాకు చిరాకెక్కువ, ఆమెకు ఓపికెక్కువ. అందుకే మా కాపురం అన్నేళ్లు సాగింది.

ఆమెను పట్టి పీడించిన ప్రశ్న ఒకటే. వారం వారం సోమవారం, గురువారం ఉపవాసం ఉండేవాళ్ల కండల్లో ఈ పొయ్యిలు మిగతావాళ్లకన్నా బాగా మండుతాయా? మా పరీక్షలకు ఒప్పుకుని వచ్చే రిక్షావాళ్లలో ఆ నియమం పాటించేవాళ్లూ ఉన్నారు, పాటించనివాళ్లూ ఉన్నారు. తెల్లవారకముందు తిన్నది తప్ప ఏమీ ముట్టకుండా గురువారం మధ్యాహ్నం రమ్మని రెండు జట్లకూ చెప్పేది. వెనక వీధిలోని ఆమె ఇంటి వసారాలో వాళ్లు కూర్చుంటే నేను ఒక్కొక్కరినే పరిశోధనశాలకు పిలిచేదాన్ని. డాక్టరు తొడలో సూది గుచ్చి గోరంత కండ తీసేవాడు.

కొన్నేళ్లకు తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. పెద్ద సైన్సు పత్రిక మా వ్యాసం అచ్చు వేస్తామంది. పసుపన్నం గోపురంలా పేర్చి, రిక్షావాళ్లందరినీ ఆమె ఇంటికి పిలిచి పండగ చేసుకున్నాం. బూ నింగ్ తల్లి సుర్తినా అందరికీ టీ పోసింది. మేమంతా ఆమెను ఎంబా, అంటే అవ్వ, అని పిలుస్తాం.

రిక్షా తొక్కే తుగిమాన్, మేం మర్యాదగా పాక్ అని పిలిచేవాడు, ఒక గుక్క తాగి పెదవి విరిచాడు. "ఏంటి ఎంబా, సూది రోజుల్లో ఇచ్చినట్టు లేదు? అప్పుడు చెంచా నిలబడేంత చక్కెర వేసేవారు."

బూ నింగ్ చేతిలో గరిటె ఆగింది. "సూది అయ్యాకే కదా పాక్?"

"ముందే, బూ. వసారాలో. ఉపవాసం ఉన్నవాళ్లకు ఇవ్వలేదులెండి, వాళ్లకు నియమం. మాకే ఇచ్చారు."

"ఏమీ తాగొద్దని చెప్పాను కదా?"

"చెప్పారు. పెద్దావిడ తెచ్చి ముందు పెట్టి తాగమంటే కాదంటామా? మాకు పెంపకం లేదా ఏంటి?"

నాకు ఒళ్లు మండింది. "మరి నాతో ఒక్క ముక్క చెప్పి చావొచ్చుగా?"

"ఎంబాను పట్టించినట్టు ఉంటుందని..." అంటూ నసిగాడు.

ఎంబా అప్పటికే వంటింట్లోకి వెళ్లింది కాబట్టి సరిపోయింది. మేం మురిసిపోయిన తేడా ఉపవాసానిదో, ఆమె చక్కెరదో ఇక ఎవరు చెప్పగలరు? మరునాడే బూ నింగ్ వ్యాసాన్ని వెనక్కు తీసుకుంది. పదవీ విరమణకు ఏడాదే ఉంది. ఆ ఏడాదిలో మళ్లీ మొదటి నుంచీ చేసి జవాబు రాబట్టాలి, లేదంటే బతుకంతా అడిగిన ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. అయినా మా అందరి దగ్గరా ఒట్టు వేయించుకుంది. "అమ్మకు తెలియకూడదు. తన చేతి టీ తప్పయిందని తెలిస్తే తట్టుకోలేదు."

ఏడాది తిరిగేసరికి జవాబు దొరికింది. తేడా ఉంది, కానీ మునుపటిలో పావు వంతు కూడా లేదు. ఆ కాస్తనే సంతోషంగా అచ్చు వేయించింది. నా మనసులో నిలిచిపోయింది మాత్రం మళ్లీ మొదలుపెట్టిన ఆ మొదటి గురువారం.

ఆ రోజు వాళ్లను బూ నింగ్ ఇంటికి పంపకుండా పరిశోధనశాల వరండాలోనే కూర్చోబెట్టాం. కాసేపటికి కర్ర పొడుచుకుంటూ ఎంబా వచ్చింది. పళ్లెం లేదు, గ్లాసులు లేవు. తుగిమాన్ గబుక్కున లేచి చోటిచ్చాడు. ఆమె కూర్చుని తల దించుకుంది. "నా వైపు చూడకండి నాయనా. ఇవాళ నా చేతిలో ఏమీ లేదు." ఆఖరి మనిషికి సూది అయ్యేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

బూ నింగ్ బయటికొచ్చి చూసి, తల్లి ముందు మోకాళ్ల మీద కూలబడింది. "నీకెవరు చెప్పారమ్మా?"

"టీ తాగినవాడే చెప్పాడు. కన్నకూతురివి, నీకు నోరు రాలేదు." ఎంబా కళ్లు తుడుచుకుంది. "చిన్నప్పటి నుంచీ సోమవారం, గురువారం పస్తుంటున్నాను. అవేం ఉపవాసాలే? మనుషుల్ని ఎదురుగా పెట్టుకుని గుక్కెడు టీ పోయకుండా కూర్చున్నాను చూడు, ఇదీ ఉపవాసమంటే."

బూ నింగ్ ఆ ఒట్టి చేతులు రెండూ పట్టుకుని నుదుటికి ఆనించుకుంది.