చెప్పులు విప్పే చోటు

నిన్న ఢిల్లీ నుంచి వస్తున్న మా అమ్మాయినీ అల్లుడినీ తీసుకురావడానికి నేనూ మా వియ్యపురాలూ మైలార్‌దేవ్‌పల్లిలో మా ఇంటి దగ్గర కారెక్కి ఎయిర్‌పోర్టుకు బయలుదేరాం. గగన్‌పహాడ్ ఇంకా రాకముందే ఆవిడ ఎప్పటిలాగే చెప్పులు విడిచి, కాళ్ళు పైకి లాక్కుని సీటు మీద మఠం వేసుకుని కూర్చుంది. కొత్త డ్రైవరు అద్దంలోంచి చూసి, చలి పెడుతోందేమోనని ఏసీ తగ్గించబోయాడు. ఆ అబ్బాయికి ఏమని చెప్పను? చెప్పాలంటే, కొన్నేళ్ళ కిందట నేను హడలి చచ్చిన ఒక సాయంత్రం గురించి చెప్పాలి.

అప్పుడు మా అల్లుడు, అంటే ఆవిడ కొడుకే, మా ఇద్దరికీ ఇంగ్లండు యాత్రకు టిక్కెట్లు కొన్నాడు. ఆవిడకు షుగరు, పైగా ఇంగ్లీషు ముక్క రాదు. బ్యాంకులో పనిచేసిన దాన్ని కనుక నాకు వచ్చని అందరి నమ్మకం. శంషాబాద్‌లో విమానం ఎక్కించేటప్పుడు అల్లుడు, "అమ్మ పైలం అత్తమ్మా, జర చూస్కోండ్రి" అన్నాడు. నేను పుట్టు పిరికిదాన్ని. అసలే పిల్లనిచ్చిన చోటు, ఆవిడకు ఏమైనా అయితే ఏ మొహం పెట్టుకుని తిరిగి రానని విమానం కదలకముందే నాకు దిగులు పట్టుకుంది.

ఒకరోజు మమ్మల్ని ఒక పల్లెటూరికి తీసుకెళ్ళారు. ముందు వందల ఏళ్ళ నాటి రాతి చర్చి, తర్వాత నీటితో తిరిగే పాత పిండిమర, ఆపైన ఏటి మీద రాళ్ళ వంతెన. చర్చి ముందు చిన్న వసారా ఉంది. ఆవిడ అక్కడే చెప్పులు విడిచి, ఊలు మేజోళ్ళతో లోపలికి నడిచింది. ఇక్కడ విడవక్కర్లేదు వదినా అని నేను చెవిలో చెప్పినా వినలేదు. వియ్యపురాళ్ళమైనా మేం ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం. నాకేమో అందరి ముందూ నామోషీ అనిపించి, బూట్లతోనే ముందుకు పోయాను. గైడు రంగుటద్దాల కిటికీల గురించి, పైకప్పు దూలాల గురించి చెబుతుంటే నోరు తెరుచుకుని విని, ఆవిడ వెనకే వస్తోంది కదా అనుకుంటూ అందరితోపాటు బయటపడ్డాను.

వంతెన దగ్గర ఫోటో తీద్దామని వెనక్కి తిరిగితే ఆవిడ లేదు! పిండిమర దగ్గర లేదు, టీ కొట్లో లేదు. కింద ఏరు వానలకు ఎర్రగా ఉరుకుతోంది. ఆవిడ ఫోను బస్సులో సంచీలో ఉంది. గైడు ఏటి ఒడ్డున వెతకడానికి మనుషులను పంపాడు. అల్లుడి మాటే చెవిలో మోగుతుంటే, ఏడుకొండలవాడికి మొక్కుకుంటూ వచ్చిన దారినే పరుగెత్తాను.

చర్చి వసారాలో ఆవిడ చెప్పుల జత, ఎలా విడిచిందో అలాగే ఉంది. లోపలే ఉందని ప్రాణం లేచివచ్చింది కానీ తలుపుకు తాళం వేసి ఉంది. వదినా వదినా అని బాదాను. ఉలుకూ పలుకూ లేదు. షుగరు పడిపోయి ఏ బండ మీద పడి ఉందో అనుకునేసరికి ఏడుపు ఆగలేదు. నా వెనకే వచ్చిన గైడు పక్కింటికి పరుగెత్తి, తాళాలు చూసే ముసలావిడను వెంటబెట్టుకొచ్చాడు. తాళం తిరగగానే నేను తలుపు తోసేశాను.

మా వియ్యపురాలు వీపు వెనక ఎత్తైన చెక్క ఉన్న బల్ల మీద కాళ్ళు ముడుచుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, బిగుసుకుపోయి కూర్చుని ఉంది. ఆ చెక్క చాటున ఉండబట్టే తాళం వేసినప్పుడు ఎవరికీ కనపడలేదు. నేను గడప దాటబోతుంటే కళ్ళు తెరిచి కేక పెట్టింది.

"ఆగు వదినా, తొక్కకు! గీ బండల కింద మనుషులున్నరు. మీరందరు తొక్కుకుంట పోయిన్రు. నాకు గొంతు పెగల్లే."

అప్పుడు చూశాను. నేలంతా సమాధి రాళ్ళు. అరిగిన పేర్లు. ఆవిడ బల్ల ముందున్న రాతి మీద పుర్రె బొమ్మ చెక్కి ఉంది. ఇంతసేపూ బూట్లతో తిరిగింది వీళ్ళ మీదా అని నాకు ఒళ్ళు జలదరించింది. బూట్లు విప్పి వసారాలో ఆవిడ చెప్పుల పక్కన పెట్టి, ఆ చల్లటి రాళ్ళ మీద నడిచి వెళ్ళి, నా చేతిసంచీలో ఉన్న బిస్కెట్టు తినిపించాను.

తాళాల ముసలావిడ మా భయం చూసి నొచ్చుకుని, వీళ్ళంతా కోరి ఇక్కడ పడుకున్నవాళ్ళేనమ్మా, నడిచేవాళ్ళు తమను తలుచుకోవాలని వాళ్ళ ఆశ అని చెప్పింది. నేను అదే తెలుగులో చెప్పాను. వియ్యపురాలు ఆ పేర్ల వైపు చూస్తూ అంది.

"ఆళ్ళు ఒప్పుకున్నరు. మా బాపునెవరడిగిన్రు వదినా?"

అప్పుడు తెలిసింది నాకు. గగన్‌పహాడ్ అవతల వాళ్ళ పొలం గట్టున, బావి పక్కన, ఆవిడ తండ్రిని పూడ్చిపెట్టారట. తర్వాత రోడ్డు వెడల్పయి ఆ పొలం తారు కిందికి పోయింది. అన్నేళ్ళ వియ్యంలో ఆవిడ ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఆ మాట అన్నాక నా చెయ్యి పట్టుకుని, ఒక్కొక్క రాతికీ దణ్ణం పెట్టుకుంటూ బయటికి నడిచింది.

మా రోజుల్లో ఆ దారిన బస్సులో పోతుంటే రెండు వైపులా పొలాలే. ఇప్పుడు గోదాములూ లారీలూ ఫ్లైఓవర్లూ. ఎక్కడ ఏముండేదో పోల్చుకోవడం నా తరం కాదు. నిన్న నేనూ చెప్పులు విడిచి కాళ్ళు పైకి పెట్టుకుని, సరిగ్గా ఎక్కడ వదినా అని అడిగాను. బావి పోయినంక తనకూ ఆనవాలు దొరకదంది. అందుకే చాలా ముందే విప్పేస్తుంది, శంషాబాద్ వచ్చేదాకా మళ్ళీ తొడుక్కోదు.