గుండు వెనక గుడ్డముక్క

కోడిగుడ్లు ఉడకబెట్టడానికి చదువు అక్కర్లేదంటారు. తొమ్మిదో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టేసిన నాకు ఆ మాట ఎంతో ధైర్యంగా ఉండేది. పోయిన ఆదివారంతో ఆ ధైర్యమూ పోయింది. పొయ్యి మీద గిన్నె పెట్టి, ప్యాంటు అంచు మడిచి కుట్టడం ఎలాగో ఎవరో కుర్రాడు ఫోన్లో నేర్పుతుంటే నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాను. నేను చేసేదే ఆ పని, పైగా సగం జీవితంగా. నీళ్ళు ఇగిరిపోయి, గుడ్లు పగిలి, మాడి, ఈ పరాయి దేశంలో యూ టీ అనే పేటలో ఉన్న మా ఫ్లాటంతా గంధకం కంపు కొట్టింది. "నాన్నా, సో స్మెల్లీ లా!" అంటూ ఇక్కడి ఇంగ్లీషు యాసలో విసుక్కుని మా అమ్మాయి కిటికీలన్నీ తెరిచింది. నేను మాత్రం అక్కడే నిలబడి ఆ కంపును గుండెల నిండా పీల్చుకున్నాను. కాల్చిన తుపాకీ గొట్టంలో వేడినీళ్ళు పోసి కడిగితే సరిగ్గా ఇదే వాసన వస్తుంది. ఆ వాసన వెంట జగన్నాథం అంకుల్ కూడా వస్తారు.

ఆయన మా బ్లాకుకి రెండు బ్లాకుల అవతల ఉండేవారు. భీమిలి మనిషి. ఓడలు బాగున్నాయో లేదో పరీక్షించి చెప్పే ఉద్యోగంలో ఇక్కడికొచ్చి, రిటైరై ఇక్కడే ఉండిపోయారు. నాది కింద మార్కెట్ పక్కన బట్టలు సరిచేసే చిన్న దుకాణం. ఒకరోజు ఆయన వచ్చి, నా దగ్గరున్న నూలు గుడ్డలన్నీ బయటికి తీయించి, జేబులోంచి ఒక ఉక్కు పనిముట్టు తీసి, దాని దవడల మధ్య ఒక్కో గుడ్డనూ ఇరికించి మందం కొలవడం మొదలుపెట్టారు.

"అంకుల్, కొనేది గుడ్డా, వజ్రమా?" అన్నాను.

"నోరు బాగానే ఉంది. కళ్ళెలా ఉన్నాయి?"

"ఇక్కణ్ణుంచే చెబుతాను చూడండి. మీ చొక్కా రెండో గుండీ మూడో కాజాలో ఉంది. పొట్ట కూడా కాస్త ఎడమవైపుకి జరిగింది."

కోప్పడతారనుకున్నాను. ఆయన వంగి చొక్కా చూసుకుని, గుండీ సరిచేసుకుని, "శనివారం దుకాణం మూసి నాతో రాగలవా?" అని అడిగారు.

అలా నేను మొదటిసారి తుపాకీ క్లబ్బు చూశాను. అంకుల్‌కి అక్కడ ఒక పాతకాలపు రైఫిల్ ఉండేది. దానికి తూటా ఉండదు. మూతిలోంచి తుపాకీమందు పోసి, జిడ్డు పట్టించిన గుడ్డముక్కలో సీసపు గుండును పెట్టి, పొడుగాటి కడ్డీతో కిందిదాకా కూరాలి. గుండు గొట్టం కంటే వెంట్రుకవాసి సన్నం. ఆ సందును నింపేది గుడ్డే. గొట్టం లోపల మెలితిరిగిన గాడుల్ని పట్టుకుని గుండును బొంగరంలా తిప్పి బయటికి పంపేదీ గుడ్డే. బయటికి రాగానే పేరంతా గుండుకి వదిలేసి తను గడ్డిలో పడిపోతుంది. పెళ్ళిలో టైలరు సంగతీ ఇంతే కదా అనిపించి, ఆ గుడ్డముక్క మీద నాకు అప్పుడే అభిమానం కలిగింది.

ఇక్కడి చట్టం ప్రకారం తుపాకీ క్లబ్బు గడప దాటడానికి లేదు. ఇంటికి రాగలిగేవి గుడ్డముక్కలే. అందుకే అంకుల్ ఇంట్లో చేయగలిగిన సాధనంతా గుడ్డతోనూ జిడ్డుతోనూ సాగేది. ఆయన కోరిక చిన్నది. ఒక్క కాగితం మీద, కాల్చిన గుండ్లన్నీ మధ్యలోని నల్లటి వృత్తంలోనే పడాలి. బహుమతి వద్దు, పోటీ వద్దు. కానీ ఆయన కుడికన్ను నడిబొడ్డున మసక మొదలైంది. అది నెమ్మదిగా పెరగడమే గాని తగ్గదని డాక్టరు చెప్పేశారు. గురి చూసే ముళ్ళు ఇంకా కనబడుతున్నాయి. గురికాగితం మీద చిల్లులు కనబడటం మానేశాయి. దుర్బిణి పెట్టి చూసినా మసకే. వెనక కూర్చుని, చెవులకు మూతలు పెట్టుకుని, ఆ దుర్బిణిలోంచి ఏది ఎక్కడ పడిందో చెప్పడం నా పని.

మొదటి రోజు గుండ్లు చెల్లాచెదరుగా పడ్డాయి. నాకు సలహాలకు కొదవ లేదు. "మందు తగ్గించండంకుల్. గుడ్డ మార్చండి. జిడ్డు కాస్త దట్టంగా పుయ్యండి. నిలబడే తీరు కూడా మార్చి చూడండి."

"అన్నీ ఇవాళే మార్చేసి, బాగా పడిందనుకో. ఎందుకు బాగా పడింది?"

"ఎందుకైతేనేం అంకుల్, పడిందిగా?"

"మళ్ళీ చెడినప్పుడు ఏం చేస్తావురా సూరిబాబూ? ఒక్కటి మార్చు. మిగతావాటి మీద చెయ్యి వెయ్యకు. అది ఏం చెబుతుందో విను."

వినడమంటే ఆయన ఉద్దేశం గడ్డిలో పడ్డ గుడ్డముక్కల్ని ఏరుకురావడం. కాల్పులు ఆగాక రేంజి అధికారి, చైనా ఆయన, చెయ్యెత్తి, "ఓకే అంకుల్, లైన్ కోల్డ్ ఆల్రెడీ, కెన్ గో," అనేవారు. మిగతావాళ్ళందరూ తమ కాగితాల వైపు వెళ్ళేవారు. అంకుల్ మాత్రం తుపాకీ ముందు నాలుగడుగులేసి, నేల మీద వంగి, మసిబారిన గుడ్డలు వెతుక్కునేవారు. కనబడక చేత్తో గడ్డిని తడుముతుంటే నేనూ వెళ్ళి వంగేవాణ్ణి. గుడ్డ గుండు చుట్టూ వలయంగా తెగితే గొట్టం మూతి అంచు గరుగ్గా ఉన్నట్టు. మధ్యలో కాలితే గుడ్డ మంటకి తట్టుకోలేదన్నట్టు. గాడుల గుర్తులు సమానంగా పడి, గుడ్డ చిరగకుండా వస్తే అంతా కుదిరినట్టు. చేతిరాత సరిగా చదవలేని నాకు ఆయన ఆ గుడ్డలు చదవడం నేర్పారు.

గుడ్డ కొంచెం పలచనైందని తేలింది. నా దగ్గరి దళసరి నూలు గుడ్డ ఎంచారు. కొత్త గుడ్డకి మిల్లు గంజి ఉంటుంది, అది పోయేదాకా ఉతకాలి. ఆ పని వాళ్ళావిడ కామేశ్వరి ఆంటీకి అప్పజెప్పారు. ఆ శనివారం ఎంతో ఆశగా వెళ్ళాం. గుండ్లు మునుపటికంటే ఘోరంగా పడ్డాయి. ఏరుకొచ్చిన గుడ్డలన్నిటికీ నడిమధ్య కాలిన చిల్లులు.

"అంకుల్, వీటితో జంతికలు ఒత్తుకోవచ్చు," అన్నాను.

తర్వాతి వారాల్లో ఒక్కొక్కటే మార్చారు. జిడ్డులో మైనం పెంచారు. మందు తగ్గించారు. గొట్టం మూతి అంచును క్లబ్బు మెకానిక్ చేత నునుపు చేయించారు. చిల్లులు చిల్లులుగానే ఉన్నాయి. కంటిలో మసక మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. "టైమ్ లేదురా," అని ఒక్కసారే అన్నారు, అదీ బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆ మధ్యాహ్నం భోజనానికి నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళారు. కామేశ్వరి ఆంటీ ముద్దపప్పు వడ్డిస్తూ, "ఏమిటిద్దరూ చావుకెళ్ళొచ్చినట్టున్నారు?" అంది.

"గుడ్డ నిలవడం లేదాంటీ."

"నిలవకపోవడమేమిటి? అంత చక్కగా గంజి పెట్టి, నీళ్ళు చిలకరించి ఇస్త్రీ చేసిచ్చానే! అప్పడంలా నిలబడింది."

అంకుల్ చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. తన తెల్లచొక్కా కాలరు తడుముకున్నారు. పెళ్ళైనప్పట్నుంచీ ఆంటీ చేతి గంజితో రేకులా నిలబడే కాలరది. ఆ ఇంట్లో నూలుగుడ్డ ఏదైనా గంజి ముంచకుండా బీరువా ఎక్కదు. గంజి పట్టిన గుడ్డ జిడ్డును లోపలికి రానివ్వదు. పొడిగా ఉన్న గుడ్డ మంటకి ఆగదు.

"ఉతికి గంజి తీయమన్నానే కామేశ్వరీ."

"తీశానండీ. ఆ మిల్లువాళ్ళ గంజి ఏం గంజి, జిగురు! అది తీసేసి మంచి బియ్యపు గంజి పెట్టాను. లేకపోతే పీలికలా వేలాడదూ?"

నేను నవ్వాపుకోలేక పొలమారి చచ్చాను. అంకుల్ నాకు మంచినీళ్ళ గ్లాసు జరిపి, ఆంటీని ఒక్క మాటా అనకుండా ముద్ద పూర్తిచేశారు. చెయ్యి కడుక్కుంటూ నాతో అన్నారు: "మందుని అనుమానించాను, మైనాన్ని అనుమానించాను, ఇనుమునీ అనుమానించాను. ఇంట్లో మనిషిని ఒక్క మాట అడగలేదు చూడు. ఓడలు పరీక్షించానట, ఓడలు!"

గంజి లేని గుడ్డలు మసితో, గాడుల ముద్రలతో, చెక్కుచెదరకుండా తిరిగొచ్చాయి. గుండ్లు దగ్గరికి చేరాయి. అటు మసక కూడా దగ్గరికొచ్చింది. ముళ్ళు కూడా అలుక్కుపోతున్నాయనీ, ఇక తుపాకీని క్లబ్బుకే వదిలేస్తాననీ చెప్పి, ఆఖరిసారిగా ఒక శనివారం వెళ్ళారు. తొందరపడలేదు. ప్రతిసారీ గొట్టం తుడిచారు, కడ్డీని ఒకే బలంతో నొక్కారు. నేను దుర్బిణిలోంచి "లోపల" అంటూ వచ్చాను. "లోపల. లోపలే. లోపల." చివరి గుండు పేలింది. పొగ విడిపోయింది. నల్లవృత్తానికి బయట, తెల్లటి చోట, చిల్లు.

ఆయన వెనక్కి తిరగలేదు. "చెప్పు," అన్నారు.

ఆయనకు కనబడదు. కాగితం నేనే తీసుకొస్తాను, నేనే మడిచి ఇస్తాను. నా నోటికి అబద్ధం కొత్తా? బిగుతైన ప్యాంటేసుకున్నవాడికి హీరోలా ఉన్నావని చెప్పి పంపే వృత్తి నాది. 'లోపల' అనే ఆ ఒక్క మాటకి ఎంత బలం ఉందో నాకు తెలుసు. కానీ ఆ వంగిన వీపునీ, గడ్డిలో తడుముకునే ఆ చేతుల్నీ ఇన్నాళ్ళూ చూసినవాణ్ణి.

"ఒకటి బయటికి పోయిందంకుల్. కుడివైపు, పైన."

"ఎంత?"

"చొక్కా గుండీ అంత."

ఆయన తుపాకీని దించారు. తర్వాత దాన్ని బల్ల మీద పడుకోబెట్టి, "అయితే మిగతావి నిజంగానే లోపలున్నాయన్నమాట," అని కళ్ళద్దాలు తుడుచుకున్నారు. ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించి, వచ్చినవాళ్ళందరికీ బయటి చిల్లునే ముందు చూపించేవారు. చివరిదాకా అది అక్కడే ఉంది. ఆయన పోయి ఇప్పటికి కొన్నేళ్ళయింది.

నా దుకాణంలో ఇప్పుడు ఏ ప్యాంటు సరిగా కుదరకపోయినా నడుమూ తొడా కాలూ ఒకేసారి విప్పెయ్యను. ఒక్క కుట్టు విప్పి, తొడిగించి, చూస్తాను. అంతకంటే ముందు, "దీన్ని ఇంట్లో ఎవరెలా ఉతికారు?" అని అడుగుతాను. బిగుతైతే బిగుతనే చెబుతాను. అలా చెప్పినందుకు ఇద్దరు ముగ్గురు మళ్ళీ రాలేదు. వచ్చేవాళ్ళు మాత్రం పెళ్ళిబట్టలు కూడా నాకే ఇస్తున్నారు.

ఆయన పోయిన ఏడాదే ఒక మాసికం నాడు ఆంటీతో, ఎన్నాళ్ళుగానో గొంతులో ఉన్న మాట అనేశాను. "ఆరోజు ఒక్క చిన్న అబద్ధం ఆడుంటే ఆయన తృప్తిగా పోయేవారేమో ఆంటీ."

ఆంటీ విస్తరిలో ఇంకో గారె వేసి అంది: "క్లబ్బులో మంచి కళ్ళున్న పెద్దమనుషులు బోలెడుమంది ఉన్నార్రా సూరిబాబూ. వాళ్ళలో ఎవర్ని అడిగినా పాపం ముసలాయన అని అన్నీ లోపలే పడ్డాయనేవాళ్ళు. జాలీ మర్యాదా లేనివాడొకడు కావాలనే ఏరికోరి నిన్ను తీసుకెళ్ళారు. తిను."