సూరిబాబు తొట్టిలో గాలి

ఒట్టు, ఇది నాకే జరిగింది. తెల్లారేదాకా చెప్పినా తరగని వీరగాథ... కాదులెండి. ఒక మురుగునీళ్ల తొట్టి, ఒక స్విచ్, నేను. అంతే.

ఎనభైల మొదట్లో జంషెడ్‌పూర్‌లో మురుగునీరు శుద్ధిచేసే చోట నేనూ సూరిబాబూ కాంట్రాక్టు మనుషులం. చెరో తొట్టి. అడుగునుంచి బ్లోయర్ గాలి కొడుతుంది. ఆ గాలి పీల్చుకుంటూ కంటికి కనపడని పురుగులు మురికిని తింటాయి. తిని, బలిసి, ఆనక బురదై అడుక్కి దిగుతాయి. పైన తేటనీరు మిగులుతుంది. రోజూ పొద్దున్న కెమిస్టుగారు మా తొట్ల నీళ్లు రెండు గాజు జాడీల్లో పట్టి అరగంట చూసేవారు. సూరిబాబు జాడీ తేట. నాది... పప్పుచారు.

పర్మనెంటు పోస్టు ఒక్కటే ఉంది. తేటనీళ్లవాడికే అది అని మా ఇద్దరి నమ్మకం.

"నా పురుగులు బాగా తింతన్నాయిరా. నీవి పస్తులున్నాయేటి?" అన్నాడు సూరిబాబు.

"నీ మొహం చూసి వాటికి ఆకలి సచ్చింది," అన్నాను.

నవ్వాడు. ఆ నవ్వుకే ఒళ్లు మండింది.

ఆ రాత్రి డ్యూటీ నాదొక్కడిదే. సూరిబాబు బర్మామైన్స్ పేటలో తన ఇంట్లో నిద్రపోతున్నాడు. రాత్రి రెండు గంటలకి స్విచ్ గదిలో అతని బ్లోయర్ ఆపేసి, అతని తొట్టి గట్టుమీదికొచ్చాను. తెల్లారేసరికి పురుగులు ఊపిరాడక చస్తాయి.

ఆ తొట్టివైపు నిశ్శబ్దం...

గుళుక్.

అవతలి మూల ఒక బుడగ. తర్వాత ఇంకోటి... కాస్త ఇటుగా. వరసగా... నావైపే. నేను ఎడమకు జరిగాను. అదీ జరిగింది.

ఎక్కడో ఉక్కు ఫ్యాక్టరీవాళ్లు కరిగిన చిట్టెం, అదే స్లాగు, పారబోశారు కాబోలు, ఆకాశం ఎర్రబడింది. ఆ వెలుగులో చూశాను. నురగ లేస్తోంది... దిగుతోంది. పడుకున్న మనిషి పొట్టలా. లోపలినుంచి... హమ్మా... అని ఒక నిట్టూర్పు.

నేను ధైర్యవంతుణ్ణి. అందుకే చెప్పులు మాత్రమే వదిలి పరిగెత్తాను.

స్విచ్ గది చేరకముందే, నేను ఆపిన బ్లోయర్ మోత మళ్లీ వినిపించింది. లోపల ఎవరూ లేరు. స్విచ్... వేసే ఉంది.

బురదలో గ్యాసు చేరితే బుడగలొస్తాయని కెమిస్టుగారు ఓసారి చెప్పారు. కావచ్చు. బుడగలకు స్విచ్ వేయడం వచ్చని మాత్రం చెప్పలేదు. నేనే ఆపడం మరిచానా? ఏమో. ఇప్పటికీ తెలీదు.

పొద్దున్న సూరిబాబు జాడీ ఎప్పటికంటే తేటగా ఉంది. పోస్టూ అతనికే వచ్చింది. జాడీ చూసి కాదట, చేరిన తారీఖు చూసి. అతను సోమవారం చేరాడు, నేను మంగళవారం.