మూడు పేర్ల ఏసోబు కాక

మన సంఘ పెద్ద ఏసోబు గారు పోయిన గురువారం తెల్లవారుతుండగా ప్రభువు సన్నిధికి చేరారు. బొగ్గు గని మొదటి షిఫ్టు సైరన్ మోగుతున్నప్పుడు దవాఖాన నుంచి పాస్టరు గారు ఫోన్ చేశారు. "టీచరమ్మా, కాక పోయిండు" అని అంతే అన్నారు. సైరన్ ఆగేదాకా ఆ మాట నాకు తలకెక్కలేదు. ముందురోజు సాయంత్రం ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉండగానే ఆయన నన్ను దగ్గరికి పిలిచి, తన ఫోను ఛార్జింగ్ పెట్టానా లేదా అని అడిగారు. శనివారానికి ఇంకా వ్యవధి ఉంది కదా కాకా అన్నాను. "ఉండనీ బిడ్డ. బంద్ అయితే వాడు ఫికర్ చేస్తడు" అన్నారు. ఆయన నోట నేను విన్న ఆఖరి మాట అది.

వాడు అంటే ఆయన ఒక్కగానొక్క కొడుకు సామేలు. యావజ్జీవ శిక్ష పడి సెంట్రల్ జైలులో ఉన్నాడు. ప్రతి శనివారం సాయంత్రం అక్కడి నుంచి తండ్రికి ఫోన్ చేసి కొద్ది నిమిషాలు మాట్లాడే వీలుంది. గోదావరిఖనిలో మన ఆరాధనకు వచ్చేవారిలో చాలామందికి ఏసోబు గారు ముందు వరసలో కూర్చుని, అందరికంటే ఒక మాట వెనకగా కీర్తన పాడే పెద్దమనిషిగానే తెలుసు. చెవులు సరిగా వినపడక అట్లా పాడేవారు. ఆ చెవులతోనే ఆయన ఒక బంధాన్ని ఎట్లా కాపాడుకుంటూ వచ్చారో చూసినదాన్ని కనుక, దుఃఖం ఇంకా ఆరకముందే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయన బసంత్‌నగర్ అవతలి ఒక పల్లెలో పుట్టారు. కన్నవారు పెట్టిన పేరు రాజయ్య. ఆయన పెదనాన్న కొడుకు దుర్గయ్యకు బొగ్గు బాయిలో కొలువు దొరికింది. దుర్గయ్య ఒక్కరోజు దిగాడు. చీకట్లో పైకప్పు పగిలే చప్పుడు విని పైకొచ్చి, అడుక్కు తింట గానీ మళ్ళ దిగనన్నాడట. వచ్చిన కొలువు వదులుకోవడం ఎందుకని ఇంటి పెద్దలు ఆలోచించి, అదే పేరు మీద రాజయ్యను పంపారు. ఆ రోజుల్లో మా వైపు ఇట్లా మారుపేరుతో బాయిలకు దిగినవాళ్ళు ప్రతి వాడలోనూ ఉండేవారు. దాన్ని ఎవరూ అబద్ధం అనుకోలేదు. అన్న అంగీ తమ్ముడు తొడుక్కున్నట్టే అనుకున్నారు. అట్లా రాజయ్య కంపెనీకి దుర్గయ్య అయ్యారు. కొన్నేళ్ళకు రక్షణ పొంది, బాప్తిస్మం తీసుకుని మనకు ఏసోబు అయ్యారు.

అయితే అసలు దుర్గయ్య ఆ తర్వాత కొద్దికాలానికే, చిన్న వయసులోనే జ్వరంతో చనిపోయాడు. ఆ చావు బయట తెలిస్తే కొలువుకు ముప్పని ఊళ్ళో ఎక్కడా రాయించలేదు. లోకం దృష్టిలో దుర్గయ్య రోజూ డ్యూటీకి పోతూనే ఉన్నాడు. ఒక ఉపవాస ప్రార్థనలో ఏసోబు గారు లేచి సాక్ష్యం చెప్పారు. "హాజరు పిలుస్తరు. దుర్గయ్యా అంటరు. నేను ఆఁ అంట. అన్నప్పుడల్ల సచ్చిపోయిన మా అన్న నా నోట్లకెళ్ళి పలికినట్టుంటది" అన్నారు. సాక్ష్యం ముగిశాక అలవాటుగా వచ్చే ఆమేన్ ఆనాడు పందిరి కింద ఒక్కరి నోటా రాలేదు.

కంపెనీకి పోయి నిజం ఒప్పుకుంటానని అప్పటి పెద్దల ముందు ఆయన పట్టుబట్టారు. కొలువు పోతే భార్యాపిల్లలు రోడ్డున పడతారు, దేవుడు హృదయాన్ని చూస్తాడు అని వాళ్ళు నచ్చజెప్పి పంపారు. ఆయన మాట విన్నారు గానీ, మనశ్శాంతి మాత్రం దొరకలేదు. ఒక ఆదివారం నేను పిల్లలకు, ప్రభువు తన గొర్రెలను పేరు పెట్టి పిలుస్తాడని పాఠం చెప్పాను. వెనక గోడకు ఆనుకుని విన్న ఏసోబు గారు పిల్లలు పోయాక దగ్గరికి వచ్చి, ఆఖరి దినాన బూర మోగినప్పుడు తనను ఏ పేరుతో పిలుస్తాడని అడిగారు. నేను తడుముకుంటుంటే ఆయనే నవ్వారు. "దుర్గయ్యా అని పిలిస్తే కష్టం గద బిడ్డా, ఇద్దరం లేస్తం."

నేనూ నవ్వాను. ఇంటికి పోయాక నవ్వు రాలేదు.

కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం బాయిలో ఆయన పని. మందుగుండు చప్పుళ్ళకు చెవులు పోయాయి, దుమ్ముకు ఊపిరితిత్తులు పోయాయి. డాక్టర్లు ఇక పనికి రారని తేల్చినప్పుడు ఆయన బాధపడలేదు, సంతోషించారు. తండ్రి అట్లా కొలువు దిగిపోతే కొడుకుకు కొలువిచ్చే పద్ధతి ఉంది కదా. సామేలుకు కొత్త బూట్లు కూడా కొన్నారు. తీరా చూస్తే సామేలు బడి కాగితాల్లో తండ్రి పేరు రాజయ్య, కంపెనీలో దిగిపోయిన మనిషి దుర్గయ్య. దుర్గయ్యకు సామేలు ఏమవుతాడు? ఏమీ కాడు. కొలువు రాలేదు. సామేలు సిమెంటు ఫ్యాక్టరీ లారీ నడపడానికి పోయాడు. ఒకనాడు లారీ అడ్డాలో తాగిన మైకంలో తన క్లీనరుతో గొడవ పడి, జాకీ రాడ్డుతో కొట్టాడు. బెల్లంపల్లికి చెందిన ఆ పిల్లవాడు అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. ఈ పాపాన్ని నేను చిన్నది చేసి రాయను. ఏసోబు గారు దాన్ని ఎన్నడూ చిన్నది చేసి చెప్పలేదు. అయితే ఆయన దాన్ని తనదిగా లెక్క వేసుకున్నారు. "నేను నా పేరు మీదనే కొలువు చేసుంటె వాడు బాయిలకు దిగెటోడు. లారీ ఎక్కకపోవు, ఆ రాడ్డు పట్టకపోవు" అనేవారు. ఎవరి పాపానికి వారే జవాబుదారీ అని నేను వాక్యం ఎత్తి చెబితే, వినపడనట్టు కూర్చునేవారు. అప్పుడు ఆయనకు నిజంగా వినపడలేదో, వినదలచుకోలేదో నాకు తెలియదు.

మొదటిసారి ములాఖత్‌కు పోయిన రోజు ఆయనకు కొడుకు దర్శనం కాలేదు. ఖైదీ చెప్పిన తండ్రి పేరు రాజయ్య, గేటు దగ్గర నిలబడ్డ ముసలాయన కార్డు మీద దుర్గయ్య. అక్కడివాళ్ళు మర్యాదగానే వెనక్కి పంపారు. లోపల సామేలు, తండ్రి తనను కొడుకు కాదనుకున్నాడని కుమిలిపోయాడట. సంగతి తెలిశాక, తనను చూడ వచ్చేవారిలో దుర్గయ్య అని రాయించాడు. సంబంధం ఏమిటని అడిగితే స్నేహితుడన్నాడు. ఆనాటి నుంచి ఏసోబు గారు కన్నకొడుకును స్నేహితుడి హోదాలో చూసివచ్చేవారు. ఆయన దాన్ని కూడా నవ్వుగా చెప్పుకునేవారు. "దోస్తునయిన బిడ్డా. మంచిదే. నాయినయితే తిట్టాలె, దోస్తయితే కూసుండి ఇనచ్చు." నిజానికి అద్దం అవతల కొడుకు మాట్లాడేది ఆయనకు రిసీవరులో ఏమీ వినపడేది కాదు. ఊరికే మొహం చూసి, పెదవులు చూసి, తల ఊపి వచ్చేవారు. ఏం మాట్లాడాడు కాకా అని అడిగితే, బక్కగయిండు అనో, గడ్డం గీసుకున్నడు అనో చెప్పేవారు.

బెల్లంపల్లి ప్రయాణం గురించి కూడా రాయాలి. శిక్ష పడిన కొత్తలో ఆయన ఎవరికీ చెప్పకుండా చనిపోయిన క్లీనరు తల్లి దగ్గరికి పోయారు. వాకిట్లో నిలబడి తానెవరో చెప్పారు. ఆమె తిట్టలేదు, కొట్టలేదు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, ఆయన తాగేదాకా ఆగి అడిగింది. "నీ కొడుకును చూడ నువ్వు జైలుకు పోతున్నవు. నా కొడుకును చూడ నేనెటు పోవాలె అన్నా?" ఆయన తిరిగొచ్చి మా గుమ్మంలో కూర్చుని నాకు ఈ మాట చెప్పారు. ఆ తర్వాత ములాఖత్‌కు పోయే రోజు ఆయన కొత్త బట్ట కట్టలేదు, తీపి తినలేదు. పోయివచ్చాక కొడుకును చూసిన సంతోషం మొహాన కనపడితే దాన్ని చేత్తో తుడుచుకునేవారు. నేను చాలాసార్లు చూశాను. మన ప్రార్థనల్లో ఆ తల్లి కోసం ఎప్పుడూ ప్రార్థించేవారు, ఆమె పేరు మాత్రం పైకి చెప్పేవారు కాదు.

భార్య చనిపోయాక, ఆయాసం పెరిగాక, దూర ప్రయాణాలు తగ్గాయి. శనివారం ఫోనే మిగిలింది. ఫోనులో మొహం కనపడదు, మాట వినపడదు. అందుకని ప్రతి శనివారం పక్కింటిదాన్నే కనుక నేను పోయి ఆయన దగ్గర కూర్చునేదాన్ని. ఫోను నా చేతిలో ఉండేది. సామేలు అన్న ప్రతి మాటా ఆయన కుడి చెవి దగ్గర గట్టిగా చెప్పేదాన్ని. మొదటి మాట ఎప్పుడూ ఒకటే. అటునుంచి "నాయినా" అని వినపడేది. నేను ఆయన చెవిలో, నాయినా అంటుండు కాకా అనేదాన్ని. అప్పుడాయన వీధంతా వినపడేట్టు "ఆఁ, కొడుకా" అనేవారు. ఆ తర్వాత మాట్లాడుకునేది పెద్దగా ఏమీ ఉండదు. అన్నం తిన్నవా, దగ్గు తగ్గిందా, ఈడ వాన పడ్డది, ఆడ పడ్డదా. ఒకసారి లైను కట్టయ్యాక కూడా ఆయన మాట్లాడుతూనే ఉంటే, నేను చెప్పలేక వింటూ కూర్చున్నాను.

గురువారం పొద్దున పాస్టరు గారూ నేనూ చేసిన మొదటి పని జైలుకు ఫోన్ చేయడం. తండ్రి చనిపోతే ఖైదీని పోలీసు కాపలాతో కడసారి చూపుకు పంపే వీలుందని విన్నాము. ఫోన్ ఎత్తిన అధికారి ఓపికగా విన్నాడు. చనిపోయినవారి పేరు అడిగి, రాసి ఉన్నది చూసి, ఈయన స్నేహితుడు కదమ్మా అన్నాడు. కాదు తండ్రి అన్నాము. అయితే తండ్రి అని రుజువు పంపమన్నాడు. దవాఖాన కాగితం మీద దుర్గయ్య, ఆధార్ మీద దుర్గయ్య. ఏసోబు అన్నది మన సంఘానికి మాత్రమే తెలుసు. సామేలు బడి కాగితాల్లో తప్ప, రాజయ్య అన్నవాడు ఈ భూమి మీద పుట్టినట్టు చూపడానికి కూడా ఏమీ దొరకలేదు. సంఘం తరఫున పాస్టరు గారు సంతకం చేసి పంపారు. పాస్టరు గారి మీద గౌరవం ఉందనీ, కానీ అది చాలదనీ ఆ అధికారి చెప్పాడు. ఆ అధికారిని తప్పు పట్టలేను. ఐస్ పెట్టెలో కాకను ఉంచి శుక్రవారం సాయంత్రం దాకా ఎదురుచూశాము. అంతకు మించి ఉంచడం సాధ్యం కాలేదు. మట్టి చేశాము.

సమాధుల తోటలో శిలువ మీద ఏ పేరు రాయాలని పెయింటరు అడిగినప్పుడు చిన్న గలాటా జరిగింది. పల్లె నుంచి వచ్చిన తమ్ముడి కొడుకులు రాజయ్య అని రాయమన్నారు. ఆయనతో బాయిలో పనిచేసిన పోశం కాక ఒప్పుకోలేదు. "రాజయ్య ఎవడు? నా పానం కాపాడినోడు దుర్గయ్య. కప్పు కూలిననాడు రాజయ్య వచ్చి గుంజిండా నన్ను?" అన్నాడు. అట్లయితే ఎన్నడో సచ్చిన మా దుర్గయ్య పెదనాన్నను రెండోసారి పూడుస్తరా అని వాళ్ళు ఎత్తిపొడిచారు. సంఘంవాళ్ళేమో ఏసోబు తప్ప వేరే పేరు రాస్తే ఊరుకునేది లేదన్నారు. పాస్టరు గారు చేతులెత్తి అందరినీ ఆపి, శిలువను పేరు లేకుండానే నాటించారు. వట్టి శిలువ ముందు మేము కీర్తన పాడాము.

శనివారం సాయంత్రం ఆయన ఫోను మా ఇంట్లో మోగింది. తాను మాట్లాడతానని పాస్టరు గారన్నారు. సామేలుకు నా గొంతు తెలుసని నేనే ఎత్తాను.

"నాయినా" అన్నాడు.

అలవాటు చొప్పున నా తల పక్కకు తిరిగింది. పక్కన కుర్చీ ఖాళీ. తమ్మీ, నేను అక్కను అని చెప్పాను. నాయిన పక్కన లేడా అక్కా అన్నాడు. జైలువాళ్ళు అతనికి ఏమీ చెప్పలేదని అర్థమైంది. ఇక దాచలేక, "లేడు తమ్మీ. గురువారం ప్రభువు దగ్గరికి పోయిండు" అన్నాను. అతని వెనక తర్వాతి వంతు కోసం నిలబడ్డవారి మాటలు వినపడుతున్నాయి. ఏం చేయాలో తోచక కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. సామేలు ఆపాడు.

"అక్కా, ప్రార్థన తర్వాత చేద్దువు. టైం లేదు. మట్టి అయిందా?"

అయిందని చెప్పాను. నిన్ను పిలిపించడానికి ప్రయత్నించామని, కుదరలేదని చెప్పాను. కాయిదాల మీద దోస్తే గద అక్కా అన్నాడు. ఏ పేరు రాసిన్రు అని అడిగాడు. జరిగింది చెప్పాను.

"సామేలు నాయిన అని రాయించు అక్కా. ఆ ముక్క కంపెనీ ఒప్పుకోలే, ఈడ ఒప్పుకోలే. మట్టి మీదనన్న ఉండనీ."

సరేనన్నాను. ఆ వెంటనే, తప్పిపోయిన పిల్లవాడిలా అడిగాడు. "ఇగ వచ్చే శనివారం ఎవలకు చెయ్యాలె?"

ఈ నంబరుకే చెయ్యి, నేను ఎత్తుత అని చెబుతుండగానే లైను కట్టయింది. విన్నాడో లేదో తెలియదు.

సోమవారం అతడు చెప్పినట్టే రాయించాము. రాజయ్య వైపువాళ్ళు గానీ, పోశం కాక గానీ అడ్డు చెప్పలేదు. సామేలును చూడ పోయేవారిలో నన్ను చేర్చమని పాస్టరు గారు జైలుకు రాశారు. సంఘంలో ఇంకా ఇద్దరు ముగ్గురు వస్తామంటున్నారు. దేవుడు వారిని దీవించును గాక. ఏసోబు గారి ఆత్మకు ఆయన సన్నిధిలో విశ్రాంతి కలిగి ఉంటుందని నా నిశ్చయం. ఆయనను అక్కడ ఏ పేరుతో పిలిచారో నాకు తెలియదు. పిలిచి ఉంటారన్నది మాత్రం తెలుసు.

ఆ ఫోను ఇప్పుడు నా దగ్గర ఉంది. శనివారం అది మోగితే నేను ఎత్తుతాను. నేను లేకపోతే మీలో ఎవరైనా ఎత్తవచ్చు. క్షేమం అడగవచ్చు, వాన గురించి చెప్పవచ్చు, ప్రార్థన కూడా చేయవచ్చు. అటునుంచి నాయినా అని వినపడితే, ఆఁ కొడుకా అని పలకగలవారు మాత్రం ఇక మన మధ్య లేరు.