రాలిన బొగ్గు తూకం

ఎనిమిది నెలలు నేను చేసిన ఉద్యోగం ఏమిటో చెబితే మా ఇంట్లో వాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. వచ్చే పోయే బొగ్గు రైళ్లను చూడటం నా పని. ధర్మవరం దగ్గర ఒక చిన్న స్టేషన్లో బొగ్గు ఎంత రాలుతోందో కనిపెట్టే పనిని, ఆ బొగ్గు తెప్పించుకునే కంపెనీ ఒక ఏజెన్సీకి అప్పగించింది. ఆ ఏజెన్సీ నన్ను పెట్టుకుంది. మాది పట్టుచీరలు నేసే ఇల్లు. మా నాయన మగ్గం మీద ఒక్క పోగు తెగినా గది అవతలి నుంచి కనిపెట్టేవాడు. ఇంటర్వ్యూలో ఆ సంగతి చెప్పాను. వేరే ప్రశ్నలేవీ వేయకుండా తీసుకున్నారు.

ఎదురుబండికి దారి ఇవ్వడానికి గూడ్సు మా స్టేషన్లో ఆగుతుంది. అప్పుడు నేను వ్యాగన్ల పక్కనే నడుస్తూ ఏ తలుపు సందిచ్చింది, ఏ వ్యాగన్లో బొగ్గు అంచు దాటేలా పోశారు, పైన టార్పాలిన్ పట్ట ఉందా లేదా అన్నది రాసుకోవాలి. పట్ట ఎప్పుడూ ఉండేది కాదు కాబట్టి ఆ గడి నింపడం సులువు. బండి కదిలేటప్పుడు ఒక పెద్ద కుదుపు ఇస్తుంది. బొగ్గు ఎక్కువగా రాలేది అప్పుడే. బండి వెళ్లిపోయాక కిలోమీటరు మేర రాలినదాన్ని బుట్టకెత్తి, కొక్కెం కాటాకు తగిలించి, తూకం రిజిస్టర్లో ఎక్కించాలి. తూకం ఒక హద్దు దాటిందా, ఆ తర్వాత లోడయ్యే బండి నుంచే తలుపులు బిగించి పట్టలు కప్పి పంపాలి. చాలా మంచి రూలు. కాకపోతే దాన్ని రాసినవాళ్లు మా అవ్వను చూడలేదు.

అవ్వ నాకు చుట్టమేమీ కాదు. స్టేషన్ వెనక ఊళ్లో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. డెబ్బై దాటిన మనిషి. గూడ్సు కూత వినపడగానే పదిమంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని, బుట్టలతో రైలుకట్ట మీదికి వచ్చేది. చివరి పెట్టె సిగ్నల్ దాటేలోపు పట్టాల పక్కన నేల ఊడ్చిన కళ్లంలా ఉండేది. ఆ బొగ్గు కొంత వాళ్ల పొయ్యిలోకి, కొంత టీ అంగళ్లకి, కొంత ధర్మవరంలో పట్టుకు రంగులద్దే వాళ్ల దగ్గరికి పోయేది. నా బుట్టలోకి గుప్పెడు వచ్చేది. గుప్పెడు బొగ్గుకు కొక్కెం కాటా ముల్లు కదలదు. ముల్లు కదలకపోతే సున్నా అని రాయాలని నాకు శిక్షణలో చెప్పారు. నేను నియమం తప్పే మనిషిని కాదు.

ఆరు నెలలు సున్నాలు రాశాక నన్ను ఆఫీసుకు పిలిచి శాలువా కప్పారు. మొత్తం లైనులో బొగ్గు రాలని చోటు మాదేనట. నేను చూడటం మొదలుపెట్టాక రాలడం ఆగిపోయిందని ఒక పెద్దాయన మైకులో చెప్పాడు. చెడు చేసే దిష్టి గురించి చిన్నప్పటి నుంచీ విన్నాను గానీ, మేలు చేసే దిష్టి గురించి వినడం అదే మొదలు. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు, నడుం వంచింది అవ్వ, శాలువా కప్పుకుంది నేను. సిగ్గుపడ్డానా అంటే, ఆ రోజు లేదు. ఫొటో కూడా దిగాను.

ఎనిమిదో నెలలో ఒకామె మల్బరీ కొమ్మ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. పట్టాలను ఆనుకుని ఆమెకు రెండెకరాల మల్బరీ తోట, తోటలోనే పట్టుపురుగులు పెంచే షెడ్డు. ఆకు మీద వేలితో గీసి చూపించింది. బండ్ల మీంచి ఎగిరిపడ్డ బొగ్గు పొడికి వేలు నల్లగా అయింది.

"పురుగు ఈ ఆకును మూతికి తగిలించుకుని పక్కకు తిరుక్కుంటాదన్నా. పోయిన పంట ఇట్లనే పోయింది."

ఆకు కడిగి వేయమని సలహా ఇచ్చాను. నాలుగు తరాలుగా పట్టు నేసిన ఇంట్లో పుట్టినవాడి సలహా అది. ఆమె నా మొహంలోకి జాలిగా చూసి, తడి ఆకు తింటే పురుగుకు రోగం వచ్చి తట్టలకు తట్టలే పోతాయని చెప్పింది. ఆరబెడదామంటే మా ఎండకు ఆకు వడలిపోతుంది. ఒక్కొక్క ఆకూ గుడ్డతో తుడిచి వేస్తోందట. పురుగులు చిన్నగా ఉన్నంతవరకు అది కుదురుతుంది. పురుగు కుబుసం విడిచే ముందు మేత మానేసి, తల ఎత్తి కదలకుండా ఉంటుంది. దాన్ని జ్వరం అంటారు. అలాంటివి నాలుగు. నాలుగో జ్వరం దాటాక పురుగు బండెడు ఆకు తింటుంది. అంత ఆకు తుడిచే చేతులు ఏ ఇంట్లోనూ ఉండవు. ఆమె పురుగులు అప్పుడు రెండో జ్వరంలో ఉన్నాయి. ఈ పంట కూడా పోతే తోట పీకేసి బెంగళూరుకు కూలికి పోవాల్సిందేనని చెప్పింది.

"నువ్వు రోజూ చూస్తాండావు కదా. చూసింది రాయన్నా, పట్టలు కప్పుతారు" అంది.

రాస్తున్నానని రిజిస్టర్ చూపించాను. ఆమె నాలుగు పేజీలు తిప్పింది. ఇంకో నాలుగు తిప్పింది.

"ఈడ రాల్లేదంటే, నా ఆకు మీద ఉండేదేమి?"

సాయంత్రం అవ్వ ఇంటికి పోయాను. మూడు రోజులు బొగ్గు ఏరకుండా ఉంటే తూకం హద్దు దాటుతుందని, పట్టలు వస్తాయని చెప్పాను. పట్టలు వచ్చి తలుపులు బిగిస్తే మా గతేమిటని అవ్వ అడిగింది. అవ్వకు లెక్క వెంటనే అర్థమవుతుంది. తర్వాత పురుగులు ఎన్నో జ్వరంలో ఉన్నాయని అడిగింది. చెప్పాను.

"సరే పో. జ్వరం వచ్చిన పురుగున్న ఇల్లు, జ్వరం వచ్చిన బిడ్డున్న ఇల్లు ఒకటేనప్పా. మూడు దినాలు ఎవరూ చెయ్యి పెట్టరు."

చెయ్యి పెట్టలేదు. మూడు రోజులు ఆ పదకొండు మందీ కట్ట మీద కూర్చుని, కళ్ల ముందు రాలే బొగ్గును పగవాణ్ని చూసినట్టు చూశారు. నేను మొదటిసారి నిజంగా పని చేశాను. బుట్ట మీద బుట్ట ఎత్తాను, ముల్లు పరుగెత్తింది, భుజాలు పట్టేశాయి. మూడో రోజు సాయంత్రానికి తూకం హద్దుకు నాలుగింతలు దాటింది. రిజిస్టర్ ఫొటో తీసి ఆఫీసుకు పంపి, చాలా గర్వంగా నిద్రపోయాను.

ఎనిమిది నెలల్లో ఒక్కసారీ రాని ఏజెన్సీ సూపర్వైజర్ మర్నాడు నేను టీ తాగకముందే జీపు దిగాడు. మర్యాదస్తుడు. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. బెంచీ మీద కూర్చుని పాత పేజీలూ కొత్త పేజీలూ పక్కపక్కన పెట్టి చూశాడు. రైళ్లు అవే, వ్యాగన్లు అవే, పట్టాలు అవే. కాబట్టి మారింది చూసే మనిషేనని తేల్చాడు. తలుపుల సందుల్లోంచి ఇంకా రాలుతున్న బండి ఆయన వెనకే నిలబడి ఉంది. ఆయన దానివైపు తిరగలేదు.

నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఊరివాళ్లు ఏరుకుంటారని, అందుకే సున్నాలు వచ్చాయని, ఈ మూడు రోజులు మానుకున్నారని చెప్పాను. నిజం చెబితే మేలు జరుగుతుందన్న భ్రమ నాకు ఆ వయసులో కూడా ఉంది. ఆయన శ్రద్ధగా విని, సంచిలోంచి రెండు కాగితాలు తీశాడు. మొదటిది, కాటా చెడిపోవడం వల్ల ఈ మూడు రోజుల తూకాలు తప్పుగా పడ్డాయని. రెండోది, ఎనిమిది నెలలుగా కంపెనీ బొగ్గు ఎత్తుకుపోయినవాళ్ల పేర్లు నేను రాసివ్వాల్సింది. అది రైల్వే పోలీసులకు పోతుంది. రెండింటిలో ఏదో ఒకదాని మీద సంతకం పెట్టమన్నాడు.

బొగ్గు రాలుతోందని రాసే కాగితం లేదా అని అడిగాను.

"మీకు శాలువా కప్పాక ఆ కాగితం ఎలా పెడతామండీ?" అన్నాడు.

తల తిప్పి చూస్తే కట్ట మీద అవ్వ కనబడుతోంది. మూడు రోజుల గడువు దాటినా బుట్ట బోర్లించుకుని దాని మీద కూర్చుంది. పదకొండు పేర్లూ నాకు తెలుసు. మొదటి కాగితం మీద సంతకం పెట్టాను. అవ్వను కాపాడానని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగిలిన సగం, నా ఉద్యోగం. ఈ మాట ఒప్పుకోవడానికి ఇంత కాలం పట్టింది.

ఏ పాపమూ ఎరగని కాటాను గోనెసంచిలో చుట్టి తీసుకుపోయారు. వారంలో అంకెలు వెలిగే కొత్త కాటా వచ్చింది. అప్పటికే అవ్వ పనిలోకి దిగింది. కొత్త కాటా మీద సున్నా ఎర్రగా, చాలా స్పష్టంగా కనబడుతుంది.

ఇంకో నాలుగు రోజులకు తోటలోకి పోయాను. నాలుగో జ్వరం దాటిన పురుగులు తట్టల్లో మెత్తబడి పడి ఉన్నాయి. వాసన షెడ్డు బయటికి కొడుతోంది. ఆమె ఒక్కతే తట్టలు మోసుకెళ్లి గుంతలో గుమ్మరించి సున్నం చల్లుతోంది. నేను తట్టకు రెండో వైపు పట్టుకున్నాను. ఆమె వద్దనలేదు. సంతకం సంగతి అవ్వ చెప్పి ఉంటుంది, అవ్వకు తెలియనిది ఉండదు. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండని కూడా అనుకున్నాను. ఆఖరి తట్ట గుమ్మరించి, చెయ్యి చీరకు తుడుచుకుంటూ నా వైపు చూసింది.

"నీ పని ఉండాది కదన్నా? తీసేయలేదు కదా?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే, నా గురించి దిగులుపడి అడిగింది. ఉందని చెప్పాను.

"అంతే చాలు పో" అని, మల్బరీ మొదళ్లు నరకడానికి గొడ్డలి తీసుకుంది.