ఆరు చుక్కల నల్లపురుగు

ఆమధ్య కర్నూలులో మా అద్దెగది మేడ మీద ఆరిన బట్టలు మడుస్తుంటే, దుప్పటి అంచున పాకుతున్న గండుచీమ ఒకటి, నేను చూసుకోకపోవడంతో, నా వేళ్ల మధ్య నలిగిపోయింది. వేలు ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే పుల్లగా, ఘాటుగా, కళ్లలో నీళ్లు తెప్పించే వాసన. ఆ వాసనతోనే పత్తికొండ పక్కన మా ఊరి పెరడు, పెరట్లో చెనిక్కాయ కట్టె కుప్ప, దాని చుట్టూ కాలు ఎత్తెత్తి నడిచే మా ఎర్రపుంజు గుర్తొచ్చాయి.

చెనిక్కాయలు పీకే రోజుల్లో ఇల్లంతా ఎర్రమట్టి వాసనే. కాయలతో సహా పీకి బండ్ల మీద తెచ్చిన కట్టె, అంటే వేరుశనగ మొక్కలు, పెరట్లో కుప్పేసి పెద్దవాళ్లు చుట్టూ కూర్చుని కాయలు తెంపుతుంటే, మేము పచ్చికాయలు ఒలుచుకుని ఆ పాలరుచికి కడుపునొప్పి వచ్చేదాకా తినేవాళ్లం. సాయంత్రం ఉప్పేసి ఉడకబెట్టినవి చాటలో ఆవిర్లు కక్కుతుంటే మళ్లీ మొదలు. పంట ఇంటికి చేరాక చర్చిలో కోతపండుగ. ఎవరింట్లో పండింది, పెరిగింది వాళ్లు తెచ్చి పెడితే, ప్రార్థన అయ్యాక గుమ్మడికాయలు, జొన్నలు, కోళ్లు అన్నీ వేలం వేసేవాళ్లు. పాడుకున్న కోడి ఆ మధ్యాహ్నమే తీపి ఓళిగల పక్కన కూరయ్యేది.

ఒక ఏడు నాకు జ్వరం ముదిరి లేవలేకపోతే, మా నాయన తల్లి, మా అవ్వ, నేను కోలుకుంటే ఎర్రపుంజును కోతపండుగకు ఇస్తానని మొక్కుకుంది. నేను కోలుకున్నాను. కానీ ఆ పుంజును పిల్లగా ఉన్నప్పటినుంచి పెంచింది నేనే. ఇంట్లో ఎవరితోనూ పెద్దగా మాట్లాడనిదాన్ని, బడిలో జరిగినవన్నీ దానికే చెప్పుకునేదాన్ని. ఇవ్వొద్దని అడగాలని రోజూ అనుకుంటాను. అవ్వ ఎదుట నిలబడితే నోరు పెగలదు. నాకోసం చేసిన మొక్కును నేనెట్లా కాదనేది?

పండుగ దగ్గరపడ్డాక, వాన కురిసి వెలిసిన ఒక పొద్దున, కుప్ప కింద నుంచి ఆ పురుగు బయటికొచ్చింది. బొటనవేలంత పొడవు, నూనె రాసినట్టు నిగనిగలాడే నలుపు, వీపు మీద ఆరు తెల్లచుక్కలు. ఎగరలేదు గానీ పొడవాటి కాళ్లతో, ఏదో పని ముంచుకొచ్చినట్టు గబగబా నడుస్తుంది. పుంజు మెడ వంచి, ఒంటికన్నుతో దాన్ని కాసేపు చూసి, ముక్కు దించింది. పురుగు పారిపోలేదు. వెనకభాగం పైకెత్తి, పుంజు వైపు తిప్పి, సన్నటి ధార ఒకటి చిమ్మింది. పుంజు ఎగిరిపడి, తల విదిలిస్తూ, కన్నును మట్టికేసి రుద్దుకుంటూ గిరగిరా తిరిగింది. ఆ ఘాటు నా దాకా వచ్చింది.

అది చీమల్లో ఉండే ఫార్మిక్ ఆమ్లమేనని పెద్దయ్యాక లైబ్రరీలో చదివి తెలుసుకున్నాను. పొట్ట చివరనున్న రెండు గ్రంథుల్లో ఊరి, చిన్న తిత్తుల్లో నిలవుంటుందట. కండరాలు బిగిస్తే బయటికి చిమ్ముతుందట. ఆ తెల్లచుక్కలు పక్షులకూ తొండలకూ ముందుగానే చెప్పే హెచ్చరిక. అంత మంటను ఒంట్లోనే మోస్తూ, తనకేమీ కాకుండా తిరుగుతుందంటే ఇప్పటికీ నాకు అబ్బురమే. వేటకు దానికి బలమైన దవడలున్నాయి. ఈ ధార మాత్రం తన మీదికొచ్చినవాళ్లకే.

మా చిన్నాయన చెప్పు చేతికి తీసుకుని పురుగు వెంటపడ్డాడు.

"ఉండనీరా. పొడవబోయింది మన కోడే గదా," అంది అవ్వ, పుంజు కంట్లో చెంబుతో నీళ్లు పోస్తూ.

ఎన్నిసార్లు కడిగినా ఆ కన్ను తెరుచుకోలేదు. మర్నాడు తెరుచుకున్నాక చూస్తే పాలపొర కమ్మినట్టుంది. దేవుడికిచ్చేదానికి ఏ లోపమూ ఉండకూడదని అవ్వ పట్టుదల. చిన్నాయనకు ఇదంతా వేళాకోళం.

"కండ్లద్దాలు పెట్టి తీసకపో మా. వేలంలో శానా పలుకుతాది."

"గుడ్డిదాన్ని దేవునికిస్తారేమిరా యాడన్నా?"

పండుగ పొద్దున అవ్వ గూట్లోంచి తన గుడ్లకోడిని పట్టుకుంది. అది ఆమెకు ప్రాణం. ఎండాకాలంలో కూడా గుడ్లు పెట్టే కోడి. దాని కాళ్లకు గుడ్డపీలిక చుట్టి గంపలో పెట్టి, నా మొహంలోకి చూసింది.

"ఇంగన్నా నవ్వు మే. నీ పుంజు ఈడనే ఉంటాది."

నేనెప్పుడూ ఒక్క మాటా అడగలేదు. ఎట్లా తెలిసిందో. నేను అనలేకపోయిన మాటను ఆ పురుగు తనకొచ్చిన పద్ధతిలో అనేసిందని మాత్రం అనిపించింది. ఒంటికన్ను పుంజు ముసలిదయ్యేదాకా మా పెరట్లోనే తిరిగింది. నేల మీద నల్లగా ఏది కనిపించినా, చింతగింజయినా సరే, ఆగి, తల అటూ ఇటూ తిప్పి, చుట్టూ తిరిగి పోయేది.

మొన్న కోతపండుగకు ఊరికి పోయాను. వేలంలో చక్కెర పొట్లాలు, స్టీలు గిన్నెలు పెట్టారు. మా చేన్లో ఇప్పుడు బోరు కింద టమాటా. కలుపుమందు కొట్టిన నేల గడ్డిపోచ లేకుండా మాడిపోయి ఉంది. కట్టె కుప్పలు ఇళ్లకు రావడం లేదు. వాన వెలిశాక పెరటి గోడ రాళ్ల వెంబడి చాలాసేపు వెతికాను, ఒక్క చుక్కల పురుగు కూడా కనిపించలేదు. చిన్నమ్మ కోళ్లు మాత్రం నా కాళ్ల చుట్టూ తిరుగుతూ, నల్లగా ఏది కదిలినా తల వంచి చూడకుండానే టక్కున పొడుచుకు తింటున్నాయి.